బ్రౌజరు మార్చే ముందు ఒక్కసారి ఇన్‌కాగ్నిటోలో తెరిచి చూడండి

క్రోమ్‌లో ఏం వెతికినా ఇంకేదో సెర్చ్ పేజీకి పోతోందని, కింద కుడి మూలన "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది" అని పెట్టెలు లేస్తున్నాయని, ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోందని రాశారు. రెండుసార్లు క్రోమ్ తీసేసి మళ్ళీ వేసుకున్నా తగ్గలేదట. ఎడ్జ్‌కి మారాలా, ఫైర్‌ఫాక్స్‌కి మారాలా అన్నది మీ ప్రశ్న. అచ్చం ఇదే నాకూ జరిగిందండీ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను గుంటూరు జిల్లాలో జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నడుపుతాను. కిందటేడాది అడ్మిషన్ల సీజన్లో, బయట పిల్లలు, తల్లిదండ్రులు బారులు తీరి ఉండగా, ఒక సిస్టమ్‌లో ఇదే మొదలైంది. ఫీజు కట్టే పేజీ తెరవబోతే ఎక్కడో లాటరీ పేజీలో తేలేది. నేనూ మీలాగే క్రోమ్ తీసేశాను, కొత్తగా వేశాను, నా జీమెయిల్‌తో సైన్ ఇన్ అయ్యాను. పది నిమిషాల్లో మళ్ళీ అదే. మూడోసారికి తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు వేరే పని మీద కంట్రోల్, షిఫ్ట్, ఎన్ నొక్కి ఇన్‌కాగ్నిటో, అంటే హిస్టరీ దాచుకోని విండో, తెరిచాను. అందులో అంతా చక్కగా పనిచేసింది. అక్కడే విషయం బయటపడింది. మనం ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప ఇన్‌కాగ్నిటోలో ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజరుకి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, నడవవు. అంటే జబ్బు క్రోమ్‌ది కాదు, దానికి తగిలించిన ఎక్స్‌టెన్షన్‌ది. మరి తీసేసి మళ్ళీ వేసినా ఎందుకు పోలేదంటారా? సింక్ వల్ల. సైన్ ఇన్ అవగానే బుక్‌మార్కులు, పాస్‌వర్డులతో పాటు పాత ఎక్స్‌టెన్షన్లన్నీ కూడా ఖాతాలోంచి దిగిపోతాయి. మనం ఇల్లు కడిగి తాళం వేస్తే, దొంగ మన తాళంచెవితోనే లోపలికొచ్చినట్టు. మీకు జరుగుతున్నది కూడా ఇదేనని నా గట్టి అనుమానం.

క్రోమ్ మెనూలో ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరిచి అన్నీ ఆపేయండి. తర్వాత ఒక్కొక్కటే ఆన్ చేస్తూ ప్రతిసారీ ఏదో ఒకటి వెతికి చూడండి. నా దగ్గర దొరికింది ఫొటో సైజు 50 కేబీకి తగ్గించే ఎక్స్‌టెన్షన్. సంతకం, ఫొటో అప్‌లోడ్ చేయడానికి ఎప్పుడో వేసుకున్నాను. దాని వివరాల్లోకి వెళ్తే "అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటాను చదవగలదు, మార్చగలదు" అని ఉంది. ఫొటో తగ్గించడానికి అంత అధికారం ఎందుకండీ? వేసుకున్న రోజు ఆ ఒక్క వాక్యం చదవకపోవడం నా తప్పు. ఆ వారం ఆ సిస్టమ్‌లో దరఖాస్తు పెట్టిన పిల్లలందరికీ ఫోన్ చేసి పాస్‌వర్డులు మార్చుకోమని చెప్పాను. మీరు కూడా ఎక్స్‌టెన్షన్ తీసేశాక, ముందు మెయిల్‌ది, తర్వాత బ్యాంకుది మార్చండి. దీన్ని వాయిదా వేయకండి.

ఆ వైరస్ పెట్టెలు మాత్రం చాలావరకు వేరే సంగతి. ఏదో సైట్‌లో "అలో" నొక్కి ఉంటారు, అది నోటిఫికేషన్ల రూపంలో తరుముతోంది. సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్‌కి వెళ్ళి తెలియని పేరు ప్రతిదీ తీసేయండి. ఆ పెట్టెలోని బటన్ మాత్రం నొక్కవద్దు. ఫ్యాన్ సంగతికి క్రోమ్‌లోనే షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ ట్యాబు, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత లాగుతోందో పేరుతో సహా కనిపిస్తుంది.

ఇంటి కంప్యూటరే అయినా మెనూ అడుగున "మీ సంస్థ నిర్వహిస్తోంది" అన్నట్టు కనిపిస్తే, బయటి ప్రోగ్రామ్ ఏదో లోపల పాలసీ, అంటే సెట్టింగులను తన చేతిలో పెట్టుకునే నియమం, పెట్టి ఉండొచ్చు. అప్పుడు యాంటీవైరస్‌తో మొత్తం స్కాన్ చేయించాలి. ఇవన్నీ అయ్యాక కూడా మొండికేస్తే సెట్టింగ్స్‌లో రీసెట్ ఉంది. అది ఎక్స్‌టెన్షన్లను ఆపేస్తుంది, కుకీలు తుడిచేస్తుంది, బుక్‌మార్కుల్నీ దాచిన పాస్‌వర్డుల్నీ ముట్టుకోదు.

ఇక ఏ బ్రౌజరు అన్న ప్రశ్న. 2020 జనవరి నుంచి ఎడ్జ్ కూడా క్రోమ్‌కి పునాది అయిన క్రోమియం మీదే నడుస్తోంది. బ్రేవ్, ఒపెరా కూడా అంతే. కాబట్టి క్రోమ్‌లో ఒక సైట్ తెరుచుకోకపోతే ఎడ్జ్‌లో ప్రయత్నించడం సగం పరీక్షే. ఫైర్‌ఫాక్స్‌ది మాత్రం గెకో అనే వేరే ఇంజన్. అందులో కూడా తెరుచుకోకపోతే తప్పు సైట్‌దో, నెట్‌దో, లేదా మీ గడియారానిదో. గడియారం అంటే నిజంగానే చెప్తున్నాను. మా పాత డెస్క్‌టాప్‌లో ఏ బ్రౌజరు తెరిచినా "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అనేది. చూస్తే తేదీ ఏళ్ళ వెనక్కి పోయి ఉంది. తేదీ తప్పయితే బ్రౌజరు ఏ సైట్‌నీ నమ్మదు. మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే సీఆర్ 2032 బిళ్ళ బ్యాటరీ మార్చగానే కుదుటపడింది.

షాపులో అప్లికేషన్లకు క్రోమే వాడతాను. ఎక్కువ సైట్లు దాన్ని చూసుకునే తయారు చేస్తారు. కాకపోతే ఇప్పుడు కస్టమర్ పని ఏదైనా గెస్ట్ విండోలోనే చేస్తాను. మూసేయగానే హిస్టరీ, కుకీలు పోతాయి, ఒకరి లాగిన్ ఇంకొకరికి మిగలదు. నా సొంతానికి మాత్రం ఫైర్‌ఫాక్సే. ప్రకటనల్ని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ ఎక్స్‌టెన్షన్ అందులో పూర్తిస్థాయిలో నడుస్తుంది, క్రోమ్‌లో ఇప్పుడు దాని లైట్ వెర్షనే. ఇంకో అభిమానం కూడా ఉంది. ఒకప్పుడు తెలుగు పత్రికల సైట్లు తలా ఒక ఫాంటు వాడేవి, అక్షరాల బదులు పిచ్చి గీతలు కనిపించేవి. ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే అదంతా యూనికోడ్ తెలుగులోకి మారిపోయేది. నెట్‌లో తెలుగు కంటినిండా చదివింది మొదట అలాగే. ఎక్స్‌టెన్షన్లంటే నాకు ద్వేషం లేదు, చెప్పిన పని మించి అధికారం అడిగేవాటితోనే పేచీ.

మీ సిస్టమ్ విండోస్ 7 అయితే క్రోమ్ 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయి ఉంటుంది, దానికి పై మందులు సరిపోవు. అది ఏ విండోసో, ఇన్‌కాగ్నిటోలో ఏం జరిగిందో రాయండి. ఎక్స్‌టెన్షన్ల పేజీ ఫొటో కూడా పెడితే ఏది తీసేయాలో చూసి చెప్తాను.