మోకాలు మడవలేకపోయినా యోగా చేయవచ్చు

ప్రశ్న: నా వయసు 58. రెండు మోకాళ్లలోనూ గుజ్జు అరిగిపోయిందని ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పారు. పొద్దున లేవగానే కాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి, కాసేపు అటూ ఇటూ తిరిగాక సర్దుకుంటాయి. మెట్లు దిగడం మాత్రం నరకం. డాక్టరే యోగా చేయమన్నారు. తరగతిలో చేరితే మొదటి రోజే వజ్రాసనంలో కూర్చోబెట్టారు. ఆ రాత్రి నొప్పితో నిద్ర లేదు. మొదట్లో అలాగే ఉంటుంది, ఓర్చుకోవాలి అంటున్నారు. ఓర్చుకోవాలా? నేలమీద కూర్చోలేని వాళ్లకు అసలు యోగా పనికొస్తుందా?

జవాబు: ఓర్చుకోవద్దమ్మా. మానేయాల్సింది వజ్రాసనాన్ని, యోగాను కాదు. కీళ్ల నొప్పులున్న వారికి చాలా కాలంగా యోగా నేర్పుతున్నాను. ‘ఓర్చుకోండి’ అనే మాట విని భయపడి, ఇక జన్మలో యోగా జోలికి వెళ్లనని ఒట్టు పెట్టుకున్నవాళ్లు నా దగ్గరకు వస్తూనే ఉంటారు. వాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

వజ్రాసనంలో మోకాలు పూర్తిగా మడతపడుతుంది, పైనుంచి ఒంటి బరువు పడుతుంది. చిప్ప వెనకాల ఒత్తిడి బాగా పెరిగే భంగిమ అది. పద్మాసనంలో మోకాలు మెలి తిరుగుతుంది. మలాసనంలో, అంటే గొంతుక్కూర్చున్నప్పుడు, మడతా బరువూ రెండూ ఉంటాయి. ఈ మూడూ మీకు అక్కర్లేదు. వాటితో దక్కే మేలు వేరే దారిలోనూ దక్కుతుంది.

అలాగని కాళ్లు కదపకుండా కూర్చుంటే ఇంకా నష్టం. మనం గుజ్జు అంటున్న మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు. కీలులోని ద్రవం నుంచే దానికి పోషణ అందాలి. బరువు పడి, తగ్గి, మళ్లీ పడుతుంటే స్పాంజిని నొక్కి వదిలినట్లు ఆ ద్రవం లోపలికీ బయటికీ ఆడుతుంది. కదలిక ఆగితే ఆ రాకపోకలు తగ్గుతాయి. పైగా నొప్పికి భయపడి కాలు వాడకపోతే తొడ ముందు కండరం సన్నబడుతుంది. మోకాలికి కాపు కాసేది ఆ కండరమే. అది నీరసిస్తే భారమంతా కీలు మీద పడి నొప్పి ఇంకా పెరుగుతుంది. అందుకే ముందు తొడకు బలం తెద్దాం.

గట్టి కుర్చీ ఒకటి తీసుకుని, జారకుండా గోడకు ఆనించండి. నిటారుగా కూర్చుని ఒక కాలు నెమ్మదిగా ముందుకు చాపండి. మడమను ముందుకు నెట్టి, కాలివేళ్లను మీ వైపు లాక్కోండి. తొడ బిగుసుకోవడం చేత్తో తాకితే తెలుస్తుంది. ఊపిరి మామూలుగా తీసుకుంటూ అయిదు అంకెలు లెక్కపెట్టి దించండి. దించేటప్పుడు టపీమని వదలొద్దు, కాలును మెల్లగా దించడంలోనే సగం ఫలితం ఉంది. ఒక్కో కాలికి ఎనిమిది, పది సార్లు చాలు. తర్వాత పాదాన్ని నేలమీద జారుస్తూ, నొప్పి లేనంత మేర కుర్చీ కిందికి లాగి మళ్లీ ముందుకు జరపండి. చీలమండలను గుండ్రంగా తిప్పండి.

ఇక కుర్చీని తిప్పి సీటు వైపు గోడకు ఆనించి, దాని వెనక నిలబడి కుర్చీ వీపును పట్టుకోండి. తాడాసనంలో, అంటే నిటారుగా నిలబడే ఆసనంలో, చాలామంది మోకాళ్లను వెనక్కి నెట్టి బిగిస్తారు. అలా బిగించకుండా పిసరంత సడలించి నిలబడాలి. ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి పెట్టి నిలబడే వీరభద్రాసనానికి కాళ్ల మధ్య దూరం తగ్గించి, ముందు మోకాలిని కొద్దిగానే వంచండి. ఆ మోకాలు లోపలికి వాలకుండా కాలి రెండో వేలి వైపు చూస్తూ ఉండాలి. పుస్తకంలో బొమ్మలా తొడ నేలకు సమాంతరంగా రావాలని పట్టుపట్టకండి. ఆసనం మీ కోసం, బొమ్మ కోసం కాదు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు వంచి నడుము పైకెత్తే సేతుబంధాసనాన్ని మంచంమీద పడుకునే చేయవచ్చు, పరుపు మరీ మెత్తగా లేకపోతే చాలు.

ఎంత చేయాలో ఎలా తెలుస్తుందని అందరూ అడుగుతారు. కండరం సాగినట్లు, అలసినట్లు అనిపిస్తే మంచిదే. కీలు లోపల పొడిచినట్లు, చురుక్కుమన్నట్లు ఉంటే అక్కడే ఆగండి. చేశాక రెండు గంటలు దాటినా నొప్పి మామూలు కన్నా ఎక్కువగా ఉంటే మోతాదు మించిందన్నమాట. మర్నాడు మానేయకుండా సగం చేయండి. నిద్ర లేచిన వెంటనే కాకుండా, వేడినీళ్ల స్నానం తర్వాత చేస్తే కీళ్లు బాగా సహకరిస్తాయి. రోజూ పావుగంట చేసినా సరే, ఆదివారం ఒక్కరోజే గంటసేపు చేయడం మాత్రం వద్దు. చివర్లో శవాసనంలో మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. అయితే రాత్రంతా ఆ దిండుతోనే నిద్రపోవద్దు, మోకాలు వంగిన స్థితిలోనే బిగుసుకుపోయే ప్రమాదం ఉంది.

అరిగిన గుజ్జును యోగా తిరిగి పుట్టించలేదు. అలా పుట్టిస్తామన్న వారిని నమ్మి డబ్బు పోగొట్టుకోకండి. కొన్ని వారాలు వదలకుండా చేస్తే కాళ్లకు బలం వస్తుంది, నొప్పి తగ్గుతుంది, కుర్చీలోంచి లేవడం తేలికవుతుంది. మీ బరువు సంగతి రాయలేదు. ఎక్కువ ఉంటే మాత్రం ఒక కిలో తగ్గినా వేసే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఈలోగా మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని, నొప్పి ఎక్కువున్న కాలిని ముందు దించండి. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. వేళ్లు, మణికట్లు వాస్తాయి. యోగా మొదలుపెట్టాక చాలా తేలిగ్గా ఉంది. వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ ఆపేయవచ్చా? సూర్య నమస్కారాలు, శీర్షాసనం కూడా నేర్చుకోవాలని ఉంది.

జవాబు: మీకు తేలిగ్గా ఉందని చదివి చాలా సంతోషించాను. కానీ మందు ఆపవద్దు. పైన రాసిన అమ్మగారిది అరుగుదల, మీది వేరే జబ్బు. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీలు లోపలి పొర మీద దాడి చేస్తోంది. ఆ దాడిని అదుపు చేసేది మందు. నొప్పి లేనప్పుడు కూడా లోపల ఎముక దెబ్బతింటూ ఉండవచ్చు. మోతాదు తగ్గించాలా వద్దా అన్నది పరీక్షలు చూసి మీ రుమటాలజిస్టు తేల్చాల్సిన విషయం. యోగా మందుకు తోడు మాత్రమే.

శీర్షాసనం ఆలోచన వదిలేయండి. భుజాలు, మెడ మీద బరువు వేసి కాళ్లు పైకెత్తే సర్వాంగాసనం, హలాసనం కూడా వద్దు. ఈ జబ్బులో మెడ పైభాగంలోని మొదటి రెండు వెన్నుపూసలను పట్టి ఉంచే బంధనాలు వదులయ్యే అవకాశం ఉంది. అక్కడ బరువు పడితే వెన్నుపాముకే ముప్పు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ సడలింపు ఇవ్వను.

సూర్య నమస్కారాలలో వెనక్కి వంచిన మణికట్ల మీద బరువు పడుతుంది. నేలకు బదులు గోడ ముందు నిలబడి, అరచేతులు కాకుండా ముంజేతులు ఆనించి చేయండి. మెడను వెనక్కి వాల్చకండి. కీళ్లు వాచి, వేడిగా ఉన్న రోజుల్లో అదీ వద్దు. గోరువెచ్చని నీళ్లలో చేతులు ఉంచి వేళ్లను మెల్లగా మూసి తెరవండి, ప్రతి కీలునూ వెళ్లినంత మేర ఒకటి రెండుసార్లు కదిపి వదిలేయండి. పడుకుని నెమ్మదిగా ఊపిరి వదలడం మీద మనసు పెట్టండి. ఈ జబ్బు తెచ్చే నిస్సత్తువకు ఆ విశ్రాంతి చాలా అవసరం. దాన్ని బద్ధకం అనుకోకండి.

ప్రశ్న: మా నాన్నగారికి 70 ఏళ్లు, మధుమేహం ఉంది. నిన్నటి నుంచి ఒక మోకాలు ఎర్రగా వాచింది, జ్వరం కూడా వచ్చింది. కాపడం పెట్టి, కుర్చీ వ్యాయామాలు చేయించమంటారా?

జవాబు: పత్రిక వచ్చే వరకు ఆగే ప్రశ్న కాదిది. అందుకే చదివిన వెంటనే మీకు ఫోను చేశాను. ఇలాంటిది ఇంకో ఇంట్లో జరగవచ్చు కాబట్టి ఇక్కడా రాస్తున్నాను. ఒకే కీలు ఉన్నట్టుండి వాచి, ఎర్రబడి, జ్వరం వస్తే కీలులో ఇన్‌ఫెక్షన్ ఉందేమోనని అనుమానించాలి. యూరిక్ ఆమ్లం స్ఫటికాలు కీలులో పేరుకునే గౌట్ వల్ల కూడా అలా కావచ్చు. ఏది అన్నది కీలులోని ద్రవాన్ని సూదితో తీసి పరీక్షిస్తే తేలుతుంది. ఇన్‌ఫెక్షన్ అయితే కొద్ది రోజుల్లోనే మృదులాస్థిని తినేస్తుంది, మధుమేహం ఉన్నవారికి ప్రమాదం మరింత ఎక్కువ. వ్యాయామం వద్దు, కాపడం వద్దు, ఆ కాలి మీద బరువు మోపనివ్వకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి.