వంటావిడ ఆధార్ కార్డు, సెక్రటరీ గారి వాట్సాప్ గ్రూపు

పాఠకుల న్యాయ సందేహాలకు విశాఖపట్నం న్యాయవాది జవాబులు

ప్రశ్న: మాది ఎంవీపీ కాలనీలో అపార్ట్‌మెంటు. దొంగతనాల భయంతో మా సెక్రటరీ గారు పనివాళ్లందరి ఆధార్ కార్డులు ఫోటో తీసి, ఫ్లాట్ల వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పెందుర్తి నుంచి వచ్చే మా వంటావిడకు ఈ సంగతే తెలియదు. ఇదేమిటంటే "తప్పు చేయనివాళ్లకు భయమెందుకు?" అంటున్నారు. ఏమని చెప్పను?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ గ్రూపులో ఫ్లాట్ల యజమానుల కార్డు ఒక్కటైనా ఉందేమో ముందు ఆయన్ను అడగండమ్మా. ఈ సూత్రం వల్లించేవాళ్లు దాన్ని తమకంటే కింద ఉన్నవాళ్లకే వర్తింపజేయడం నేను కోర్టులో రోజూ చూస్తున్నాను.

భయానికి కారణం లేకపోలేదు. బ్యాంకు పేరు, ఆధార్ సంఖ్య, వేలిముద్ర ఉంటే చాలు, బ్యాంకు మిత్ర (బ్యాంకు తరఫున ఊళ్లో డబ్బులిచ్చే ఏజెంటు) దగ్గర ఖాతాలోంచి డబ్బు తీయవచ్చు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు నకళ్లు చేసి, ఆ దారిలో జనం సొమ్ము లాగిన ముఠాలు మన తెలుగు రాష్ట్రాల్లోనే పట్టుబడ్డాయి. కార్డు ఫోటోలో వేలిముద్ర లేదు, నిజమే. సంఖ్య, పుట్టిన తేదీ, చిరునామా, ముఖం ఉన్నాయి కదా! దొంగ పనిలో సగం సెక్రటరీ గారే చేసిపెట్టారు.

ఆధార్ సంఖ్యను బహిరంగంగా ప్రచురించకూడదని 2016 ఆధార్ చట్టంలోని 29వ సెక్షన్ అంటోంది. వాట్సాప్ గ్రూపు బహిరంగమా కాదా అని మా వకీళ్లు ఒక పూటంతా వాదించగలరు. వందమంది ఫోన్లలోకి వెళ్లినదాన్ని గుట్టు అనడం నాకైతే చేతకాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని మాత్రం ఇప్పుడే నమ్ముకోకండి. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, అసలు బాధ్యతలు అమలయ్యేది ఆ తరువాత 18 నెలలకు.

ఆయన చట్టం పేరెత్తితే మన ఆంధ్రలో పుట్టిన కేసునే చెప్పండి. స్టాంపు చట్టానికి 1986లో చేసిన సవరణతో, కలెక్టరు ఎవరిని పంపితే వాళ్లు బ్యాంకులోకి వెళ్లి ఖాతాదారుల కాగితాలు తిరగేసే వీలు కలిగింది. కెనరా బ్యాంకు పోరాడింది. గోప్యత మనిషిదే గాని చోటుది కాదని, కాగితం బ్యాంకు చేతికి వెళ్లినంత మాత్రాన ఖాతాదారు హక్కు పోదని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినప్పుడు ఈ తీర్పునూ పరిశీలించారు. వంటావిడ గేటు దగ్గర కార్డు చూపించింది, అంతే. ఊరందరికీ పంచమని ఇవ్వలేదు.

ఇక చేయవలసిన పని. ఆ ఫోటోలు అందరికీ తొలగిపోయేలా తీయించండి. ఎవరెవరి ఫోన్లలో ఇప్పటికే నిలిచిపోయాయో అవి మాత్రం తిరిగి రావు. పనివాళ్ల పూర్వాపరాలు తెలియాలంటే పోలీస్ స్టేషన్‌లో విచారణకు దరఖాస్తు పెట్టండి. నకలు తప్పనిసరైతే చివరి నాలుగు అంకెలే కనిపించే ఆధార్ ఉంది, ఆధార్ సంస్థ వెబ్‌సైటులోనే వస్తుంది. వంటావిడ ఫోను ఆధార్‌తో కలిపి ఉంటే వేలిముద్రలకు తాళం (అవి ఎక్కడా పనిచేయకుండా ఆపే ఏర్పాటు) వేయించండి. అయితే ఆ తాళం తీయకుండా వెళితే రేషన్ డిపోలో యంత్రం ఆమె వేలిని ఒప్పుకోదు. ఈ ముక్క చెప్పకుండా తాళం వేయిస్తే నెలాఖరుకు మిమ్మల్నే తిడుతుంది.

అన్నట్టు, కోర్టు దగ్గర ఒక జిరాక్స్ దుకాణంలో సరిగా పడని ఆధార్ నకళ్లను బల్ల కింద అట్టపెట్టెలో పడేస్తారు. వాటి వెనకే చిల్లర లెక్కలు వేసుకుంటారు. పాడైన కాగితాన్ని మీరే అడిగి తెచ్చుకోండి.

ప్రశ్న: 2021లో హైదరాబాదులో పోలీసులు దారిన పోయేవాళ్ల ఫోన్లు తెరిపించి "గంజాయి" అనే మాట కోసం వెతికిన వీడియో చూశాను. రాత్రి బీచ్ రోడ్డులో నన్నూ అలా అడిగితే ఇవ్వాలా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, గాజువాక

జవాబు: బండి కాగితాలు అడిగే అధికారం ఫోను తెరిపించే అధికారం కాదు. వారెంటు లేకుండా సోదా చేయాలంటే ఒక నేరం దర్యాప్తులో ఉండాలి, కారణాలు ముందే రాతలో పెట్టాలి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 185వ సెక్షన్ చెప్పేది ఇదే. ఎవరి చాటింగ్‌లో ఏముందో చూద్దామన్న కుతూహలం అందులోకి రాదు. నిందితుడు తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కర్లేదన్న రాజ్యాంగంలోని 20(3) అధికరణ పాస్‌వర్డుకు ఎంతవరకు వర్తిస్తుందన్నదానిపై కోర్టులు ఇంకా ఒక్క మాట మీదికి రాలేదు.

పుస్తకంలో చట్టం నీ వైపే ఉంది. రాత్రి పదకొండింటికి రోడ్డు మీద నువ్వు ఒక్కడివే. అందుకే "ఏ సెక్షన్ కింద, సార్?" అని మర్యాదగా అడుగు, పేరు బ్యాడ్జీ చూసి గుర్తుపెట్టుకో, ఫోను లాక్కోవడాలు, పెనుగులాటలు వద్దు. బలవంతంగా చూస్తే మర్నాడు పొద్దున్నే కమిషనర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకో.

ప్రశ్న: జగదాంబ దగ్గర చీర కొంటే ఫోను నంబరు చెప్పనిదే బిల్లు రాదన్నారు. తప్పదా?
– గృహిణి, అక్కయ్యపాలెం

జవాబు: తప్పుతుంది. నంబరు కోసం కొనుగోలుదారులను పట్టుబట్టవద్దని 2023లోనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దుకాణాలకు సూచించింది. "కంప్యూటర్ ఒప్పుకోదండీ" అంటే చీర బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేయండి. ఒప్పుకుంటుంది.