పెద్దవయసు పళ్ల కదలిక గురించి రాస్తున్న అమ్మాయికి

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. నలభై దాటాక పళ్లకు క్లిప్పులు వేయించుకోవడం గురించి నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. భాష హాయిగా సాగింది. అయితే "వయసుతో ఎముక గట్టిపడుతుంది కాబట్టి పన్ను కదలడం కష్టం" అన్న ఒక్క వాక్యం వ్యాసాన్నంతా పక్కదారి పట్టించింది. ఎముక గట్టిదనమే అసలు అడ్డంకి అయితే పన్నెండేళ్ల పిల్లవాడి పన్ను కూడా కదలకూడదు. తీగ లాగినంత మాత్రాన పన్ను ఎముకను చీల్చుకుంటూ ముందుకు పోదు. తీగ ఇచ్చేది ఒత్తిడి మాత్రమే, దారి చేసేవి కణాలు.

అందుకే నీ వ్యాసం దవడ ఎముకతో కాకుండా, పంటి వేరుకూ ఎముకకూ మధ్యనున్న నారపొరతో మొదలవ్వాలి. పెరియోడాంటల్ లిగమెంట్ అనే ఆ పొర మందం మిల్లీమీటరులో సుమారు ఐదోవంతు. అంత సన్నటి చోటులోనే రక్తనాళాలూ, కొలాజెన్ అనే ప్రోటీన్ దారాలూ, వాటిని నేసే ఫైబ్రోబ్లాస్టు కణాలూ సర్దుకుని ఉంటాయి. పన్ను ఒకవైపు ఒరిగినప్పుడు అటువైపు పొర నలిగి, ఆస్టియోక్లాస్టులు అనే కణాలు వచ్చి ఎముకను కరిగిస్తాయి. రెండోవైపు పొర సాగి, ఆస్టియోబ్లాస్టులు అనే మరో రకం కణాలు కొత్త ఎముకను కడతాయి. 1904-05 ప్రాంతంలో స్వీడన్‌కు చెందిన కార్ల్ శాండ్‌స్టెడ్ కుక్కల పళ్లపై ప్రయోగాలు చేసి, సూక్ష్మదర్శిని కింద గమనించింది దీన్నే. నువ్వు వాడిన "పాతిన గుంజను ఊపి వదులు చేసినట్టు" అనే పోలిక కొట్టేయి. గుంజ కదిలితే గుంత పెద్దదవుతుందే తప్ప వెనక పూడదు. పంటి వెనక పూడుతుంది, అసలు విశేషమంతా అదే.

బలం ఎక్కువైతే ఏమవుతుందో కూడా శాండ్‌స్టెడ్ చూశాడు. నలిగిన చోట రక్తప్రసారం ఆగి, కణాలు చనిపోయి, ఆ భాగం గాజులా నునుపుగా కనిపిస్తుంది. పక్కనున్న ఆరోగ్యవంతమైన భాగం నుంచి, ఎముక మజ్జ వైపు నుంచి కణాలు వచ్చి ఆ మృతభాగాన్ని తొలగించేదాకా పన్ను ఇసుమంతైనా జరగదు. తీగ బిగించిన కొత్తలో కొద్దిగా కదిలి, ఆ తరువాత కొన్ని వారాలు నిలిచిపోయినట్టు అనిపించడానికి ముఖ్యకారణం ఇదే.

వయసు ప్రభావం స్పష్టంగా కనబడేది ఈ ఆగిన దశలోనే. పెద్దవారి నారపొరలో కణాలు తక్కువ, అవి విభజన చెందే వేగమూ తక్కువ. రక్తనాళాలు పలచబడతాయి, పాత కొలాజెన్ స్థానంలో కొత్తది రావడం నెమ్మదిస్తుంది. అంటే పిలుపు అందినా పనివాళ్లు ఆలస్యంగా చేరుకుంటారు. కానీ చేరుకున్నాక? నెదర్లాండ్స్‌లోని నైమెగన్ పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో లేత ఎలుకలకూ పెద్ద ఎలుకలకూ ఒకే బలం ప్రయోగించి చూశారు. మొదట్లో లేత ఎలుకల పళ్లు వేగంగా కదిలాయి, కదలిక ఒక స్థిరమైన వేగాన్ని అందుకున్నాక రెండింటికీ తేడా లేకపోయింది. ఈ విషయం రాసేటప్పుడు "ఎలుకల్లో" అనే మాట అదే వాక్యంలో ఉండాలి, రెండు పేరాల తరువాత కాదు. మనిషి దవడ గురించి ఆ ఫలితం ఒక సూచన ఇస్తుందే గాని తీర్పు చెప్పదు.

"వయసు అసలు అడ్డమే కాదు" అన్న నీ ఉపశీర్షిక ప్రకటనలవాళ్లకు వదిలెయ్యి. చికిత్సకు గరిష్ఠ వయోపరిమితి లేదన్నది నిజమే. అయితే పెద్దవారి విషయంలో వయసు ఒంటరిగా రాదు, వెంట చిగుళ్లవ్యాధి వస్తుంది, మందులు వస్తాయి. చిగుళ్లవ్యాధి వల్ల ఎముక కొంత తగ్గిపోయిన పన్నుకు పట్టు వేరు కొస వైపు దిగజారుతుంది, మామూలు బలానికే అది సులువుగా ఒరిగిపోతుంది. అందుకే ముందు చిగుళ్లను అదుపులోకి తెచ్చి, ఆ తరువాతే తేలికపాటి బలంతో మొదలుపెడతారు.

మందుల సంగతి నువ్వు ఒక్క వాక్యంలో ముగించావు, అక్కడ ఒక పేరా కావాలి. నీ పాఠకుల్లో నెలసరి ఆగిన స్త్రీలు చాలామంది ఉంటారు, వారిలో కొందరు ఎముకలు గుల్లబారకుండా బిస్ఫాస్ఫోనేట్లు వాడుతుంటారు. ఆ మందు పనే ఆస్టియోక్లాస్టులను అణచడం. పన్ను జరగడానికి ఆ కణాలే కావాలి. పైగా మందు మానేసినా అది ఎముకలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది, పన్ను తీయించుకుంటే దవడ ఎముక మానకుండా చెడిపోయే ముప్పు కొంతమేర ఉంటుంది. కాబట్టి "మానేసి వెళ్లండి" అని పొరపాటున కూడా రాయకు. మందు పేరూ, ఎప్పటినుంచి వాడుతున్నదీ పళ్లడాక్టరుకు మొదటిరోజే చెప్పమని రాయి. నొప్పికి వేసుకునే ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు పన్ను జరగడానికి తోడ్పడే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తగ్గించి కదలికను మందగింపజేయవచ్చన్నది కూడా అక్కడే ఒక మాటలో చేర్చు.

పెద్దయ్యాక అంగిలి మధ్య అతుకు బిగుసుకుపోతుందన్న భాగం వేరే వ్యాసానికి దాచుకో, ఇక్కడ ఇరుకైపోయింది. పన్ను నెలకు మిల్లీమీటరు జరుగుతుందన్న అంకెను సగటు అని చెప్పి వాడు, హామీగా కాదు. సవరించిన ప్రతిని పళ్ల వరస సరిచేసే డాక్టరుకు, అంటే ఎవరైనా ఆర్థోడాంటిస్టుకు చూపించి, ఆ తరువాత నాకు పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి