పర్యావరణ న్యాయం చదవాలంటే లా డిగ్రీ ఉండాలా?

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తిచేశాను. అమెరికాలో పర్యావరణ న్యాయంలో ఎంఎస్ చేయాలనుంది. లా చదవనివారికి అవకాశం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, పటాన్‌చెరు

జవాబు: ఉంటుంది. పేరులో న్యాయం ఉన్నా ఇది లా కోర్సు కాదు. కాలుష్యం ఎవరి ఇళ్ల పక్కకు, ఎందుకు చేరుతోందో పరిశీలించే చదువు. 1982లో నార్త్ కరోలినాలోని వారెన్ కౌంటీలో, నల్లజాతీయులు ఎక్కువగా నివసించే చోట పీసీబీలనే విష రసాయనాలు కలిసిన మట్టిని పూడ్చడానికి లారీలు వస్తే, జనం రోడ్డుకు అడ్డంగా పడుకుని అరెస్టయ్యారు. ఈ అధ్యయనానికి ఊపు వచ్చింది ఆ తర్వాతే. మిషిగన్ విశ్వవిద్యాలయం ఇందులో ముందునుంచీ పేరున్నది. అదే రాష్ట్రంలోని ఫ్లింట్‌లో 2014లో నీటి వనరును మార్చి, తుప్పును నిరోధించే రసాయనం కలపకపోవడంతో పాత గొట్టాల్లోని సీసం కుళాయి నీళ్లలోకి దిగింది. మీ కెమిస్ట్రీ అక్కరకొచ్చేది ఇలాంటిచోటే. దరఖాస్తు వ్యాసంలో మాత్రం ఫ్లింట్ కంటే పరిశ్రమల వ్యర్థాలతో కలుషితమైన మీ పటాన్‌చెరు నక్కవాగు గురించి రాయండి.