కన్ను కదులుతోంది, ఈఓజీ గీత కదలడం లేదు: సమాధానం

అన్నా, నెల్లూరు థియేటర్లో కావర్నస్ సైనస్ (కంటి వెనక, పుర్రె అడుగున ఉండే సిర గది) గడ్డ కేసులో ఆరో నరాన్ని (కంటిని బయటివైపు తిప్పేది) ప్రోబ్‌తో తాకితే, మత్తు డాక్టరు గుడ్డ ఎత్తి చూసినప్పుడు కన్ను కదిలిందనీ, స్క్రీన్ మీద ఈఓజీ (కంటి కదలికను చర్మం మీది ఎలక్ట్రోడ్లతో పట్టే రికార్డింగ్) గీత మాత్రం చదునుగానే ఉందనీ రాశారు. కన్ను కదిలిందంటే, కండరాలను సడలించే మందు మజిల్ రిలాక్సెంట్‌ను అనుమానించక్కర్లేదు. నా అనుమానమంతా ఫిల్టర్ మీదే. ఈఎంజీ (కండరాల విద్యుత్తు రికార్డింగ్) సెట్టింగే ఉంచేసి ఉంటారు. అందులో లో-కట్ (అంతకన్నా నిదానమైన సిగ్నల్ని ఆపేసే హద్దు) 30 హెర్ట్జ్ దాకా ఉంటుంది. ఈఓజీ నిదానంగా నడిచే సిగ్నల్, మొత్తం అక్కడే ఎగిరిపోతుంది. లో-కట్ 0.1, హై-కట్ (పై హద్దు) 30 హెర్ట్జ్ పెట్టండి. స్క్రీన్ నిడివి మిల్లీసెకన్లలో వద్దు, 5–10 సెకన్లు చాలు. కన్ను ఒక డిగ్రీ తిరిగితే వచ్చేది సుమారు 15–20 మైక్రోవోల్టులే, గెయిన్ (సిగ్నల్ని పెద్దది చేసి చూపే స్థాయి) దానికి తగ్గట్టు పెంచుకోండి.

ఇంకోటి, రెండు కళ్ల బయటి కొసల మధ్య ఎలక్ట్రోడ్లు పెట్టడం మెలకువగా ఉన్న పేషెంట్లకు బాగుంటుంది. ఇక్కడ కదిలేది ఒక్క కన్నే. కాబట్టి ఆ కంటికే బయటి కొసలో ఒకటి, ముక్కు పక్కన ఒకటి. మూడు, నాలుగు నరాలకు (ఇవీ కంటిని తిప్పేవే) కనుబొమ్మ పైన, కింది రెప్ప కింద. గ్రౌండ్ నుదుటి మీద. ఇంపెడెన్స్ (ఎలక్ట్రోడ్ దగ్గర కరెంటుకు అడ్డు) 5 కిలో ఓమ్‌లకు మించకూడదు. పైన పారదర్శక ఫిల్మ్ అంటించండి, లేకుంటే పోవిడోన్ అయోడిన్ (చర్మానికి రాసే క్రిమినాశని) కారి రెండు ఎలక్ట్రోడ్లనూ కలిపేస్తుంది. కంటి మీద ప్యాడ్ నొక్కి కట్టొద్దు, కనుగుడ్డు తిరగాలి కదా.

బైపోలార్ (రక్తం ఆపడానికి కరెంటుతో కాల్చే పరికరం) నడుస్తున్నంతసేపూ గీతను పట్టించుకోకండి. సన్నటి పదునైన ముళ్లలాంటివి కనిపిస్తే అది రెప్ప కండరం, అంటే ఏడో నరం పని.