1966 ఫియట్‌కి అప్పటి టైర్లా, స్విఫ్ట్ టైర్లా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. తాతగారి 1966 ఫియట్ 1100 డిలైట్ బాగు చేయిస్తున్నారు. పెయింటు అయిపోయింది, 5.20-14 సైజు టైర్లు మాత్రం బీటలు వారాయి. షాపాయన "ఇవి ఇప్పుడెవరు వేస్తున్నారండీ, స్విఫ్ట్ టైర్లు వేసేద్దాం" అంటున్నాడు. మీ బావగారేమో పక్కన తెల్ల పట్టీ ఉండే వైట్‌వాల్ టైర్లు వేస్తే కారుకి అందం వస్తుందంటున్నారు. మీకు మాత్రం షోరూం నుంచి బయటికొచ్చిన రోజున ఎలా ఉందో అలాగే ఉండాలని ఉంది.

నా సలహా ముందే చెప్పేస్తాను. అప్పటి రకమైన నైలాన్ టైర్లే వేయండి, కానీ ఈ మధ్య తయారైనవి వేయండి. అవి దొరక్కపోతే ఇప్పటి కార్లకి వేసే రేడియల్ రకంలో సన్నటివి వేసుకోండి. పాత స్టాకు మాత్రం ఊరికే ఇస్తానన్నా తీసుకోవద్దు. టైరు రూపం పాతది కావచ్చు, రబ్బరు పాతది కాకూడదు.

మాది 1968 డిలైట్. నాన్నగారికి ఆయన మేనమామ దగ్గర్నుంచి వచ్చింది. గత పదేళ్లలో దానికి మూడు సెట్ల టైర్లు మార్చాను. మొదటి రెండుసార్లూ తప్పే చేశాను కాబట్టి ఈ విషయం చెప్పే అర్హత నాకు కాస్త ఉందనుకుంటున్నా.

మొదటి సెట్టు 2015లో కొన్నాను. విజయవాడ ఆటోనగర్‌లో రెండు రోజులు తిరిగితే ఒక షాపులో 5.20-14 నైలాన్ టైర్లు ఐదు దొరికాయి. అటక మీంచి దించి, తడిగుడ్డతో తుడిచి, "వాడనివి సార్, కొత్తవే" అన్నాడు. నిజంగానే వాడలేదు. రోడ్డుకి ఆనే పూల డిజైను అంతే లోతుగా ఉంది, రబ్బరు మీద చిన్న వెంట్రుకల్లాంటివి కూడా అలాగే ఉన్నాయి. సంబరంగా వేయించుకున్నాను. మే నెలలో ఏలూరు వెళ్తుంటే హనుమాన్ జంక్షన్ దాటాక వెనక ఎడమ పక్క నుంచి ఒకటే దడ. దిగి చూస్తే టైరు పక్క గోడ మీద కోడిగుడ్డంత బుడిపె. ఇంకో పది కిలోమీటర్లు పోనిచ్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

స్టెప్నీ వేసుకుని ఇంటికొచ్చాక, తీసిన టైరుని ఎండలో పెట్టి చదివాను. డాట్ అనే అక్షరాల తర్వాత వచ్చే వరుస చివర 2308 అని ఉంది. అంటే 2008లో 23వ వారం. నేను 'కొత్తగా' కొనేనాటికి దానికి ఏడేళ్లు. ఈ నాలుగు అంకెల పద్ధతి 2000 నుంచి వచ్చింది. మీకు చూపించిన టైరు మీద మూడే అంకెలుంటే అది అంతకుముందుది. ధర కూడా అడక్కుండా వచ్చేయండి.

వాడకుండా అటక మీద ఉంటే పాడవదనుకుంటాం. టైరు విషయంలో అది తప్పు. రబ్బరు గాలికి, వేడికి గట్టిపడుతుంది. దాన్ని ఆపడానికి రబ్బరులో మైనం లాంటివి కలుపుతారు. టైరు తిరుగుతూ, వంగుతూ ఉంటేనే అవి పైకొచ్చి కాపాడతాయి. కదలని టైరుకి ఆ రక్ష కూడా తక్కువే. బొటనవేలి గోరుతో పూల మధ్య గాడిలో గట్టిగా నొక్కి చూడండి. గోరు కాస్త దిగి, తీసేశాక గుర్తు పోతే రబ్బరులో ఇంకా జీవం ఉంది. నా టైర్ల మీద గోరే జారిపోయేది. అప్పుడు గమనించలేదు.

ఆ భయంతో రెండోసారి మీ షాపాయన చెప్పినట్టే చేశాను. స్విఫ్ట్‌కి వచ్చే 165/80 ఆర్14 రేడియల్స్ వేశాను. నిజం చెప్పాలి, వానలో బ్రేకు వేస్తే కారు బుద్ధిగా ఆగేది. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే ఉన్న కారుకి అది చిన్న విషయం కాదు. కానీ పార్కింగ్‌లో స్టీరింగ్ తిప్పాలంటే భుజాలు పట్టేసేవి. లెక్క వేస్తే 165 మిల్లీమీటర్ల వెడల్పులో 80 శాతం, అంటే టైరు పక్క గోడ ఎత్తు 132, పైనా కిందా కలిపి 264, దానికి 14 అంగుళాల రిమ్ము 356 కలిపితే చక్రం ఎత్తు 620 మిల్లీమీటర్లు. అదే 155/80 అయితే 604. వెడల్పులో పాత టైరుకి దగ్గరగా వచ్చేది ఈ రెండోదే. 5.20 అంటే టైరు వెడల్పు అంగుళాల్లో, మన లెక్కలో 132 మిల్లీమీటర్లే. ఆ సన్నటి రిమ్ముకి 165 వేస్తే టైరు పక్కలు ఉబ్బినట్టు కనిపించేవి. పంచె కట్టుకుని స్పోర్ట్స్ షూ వేసుకున్నట్టు ఉండేది కారు.

కాబట్టి రేడియల్ తప్పదంటే 145 లేదా 155 వెడల్పులో వెతకండి, రిమ్ము వెడల్పు కొలిపించి దానికి సరిపడేదే తీసుకోండి. ట్యూబ్‌లెస్ కదా అని ట్యూబు మానేయొద్దు. ఇప్పటి రిమ్ముల్లో టైరు అంచు లోపలికి జారకుండా ఒక చిన్న గట్టు ఉంటుంది. అప్పటి రిమ్ములు ట్యూబు టైర్ల కోసం చేసినవి, వాటికి ఆ గట్టు ఉండదు. ఇంకో చిక్కు ఏంటంటే ట్యూబ్‌లెస్ టైరు లోపల కొన్నిసార్లు స్టిక్కర్లు అంటించి ఉంటాయి. అవి ట్యూబుని రాసి రాసి చిల్లు పెడతాయి. ట్యూబు వేసేముందు పీకించి, నున్నగా గీకించండి.

ఇక నైలాన్ టైరు సంగతి. షాపుల్లో నైలాన్ అనేదే పుస్తకాల్లో క్రాస్ ప్లై. లోపలి దారాలు నులక మంచం అల్లినట్టు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. రేడియల్‌లో ఒక అంచు నుంచి ఇంకో అంచుకి అడ్డంగా తిన్నగా వెళ్తాయి. పైన పీపాకి ఇనప పట్టీ వేసినట్టు స్టీలు బెల్టు ఉంటుంది. మూలమలుపులో రెండూ వేరేగా ప్రవర్తించేది ఇందుకే. ముందు రేడియల్, వెనక నైలాన్ ఎప్పుడూ వేయొద్దు. ముందు చక్రాలు రోడ్డుని గట్టిగా పట్టుకుంటాయి, వెనక పట్టు చాలక కారు తోక తిప్పేస్తుంది. ఒకే ఇరుసుకి రెండు రకాలు అసలే వద్దు.

మీరడిగిన 'ఆ కాలం నాటిది' అన్న మాటకి నేను చెప్పే అర్థం ఇది: ఆ మోడల్‌కి ఆ ఏట, మన దేశంలో ఏది వేసేవారో అది. పాత కారు అనగానే నైలానే సరైనదని కాదు. మిషలిన్ కంపెనీ రేడియల్‌కి 1946లో పేటెంటు తీసుకుంది, 1949లో అమ్మకానికి తెచ్చింది. 1955లో వచ్చిన ఫ్రెంచి కారు సిట్రోయెన్ డీఎస్ పుట్టడమే మిషలిన్ ఎక్స్ రేడియల్స్ మీద పుట్టింది. దానికి నైలాన్ వేస్తే అదే అబద్ధం. మన దేశంలో మాత్రం రేడియల్స్ తయారీ జేకే టైర్ 1977లో మొదలుపెట్టింది. కాబట్టి ఇదే ఫియట్ తర్వాతి రూపమైన పద్మినికి, 1985 నాటిదానికి, రేడియల్ కనిపిస్తే నేను వంక పెట్టను. 1966 డిలైట్‌కి అయితే అది తర్వాతి కాలం టైరే.

వైట్‌వాల్ విషయంలో మీ బావగారితో నేను ఏకీభవించను. అమెరికా కార్ల మీద కనిపించే వెడల్పాటి తెల్ల పట్టీ యాభైల నాటిది. అక్కడే 1962 మోడళ్ల నుంచి అది సన్నబడింది. మా ఇంట్లో 1971 నాటి పెళ్లి ఫోటో ఒకటుంది. మా అత్తయ్యని గుడివాడ పంపిస్తున్నప్పుడు తీసింది. ముందు బానెట్ మీద బంతిపూల దండ, చక్రానికి మెరిసే హబ్ క్యాప్, చుట్టూ సన్నటి నల్ల టైరు. అంతే. మీ ఇంట్లో ఆల్బమ్‌లు తిరగేయండి. కారు పక్కన నిలబడి దిగిన ఫోటోలు కచ్చితంగా ఉంటాయి, మనుషుల్ని వదిలేసి చక్రాల్ని చూడండి. ఏ ర్యాలీ జడ్జికైనా అంతకు మించిన సాక్ష్యం ఉండదు. టైరు మీద తెల్ల పెయింటు వేయించే ఆలోచన ఉంటే మాత్రం మానుకోండి. దాని కింద బీట వచ్చినా కనిపించదు.

ఇక మూడో సెట్టు సంగతి, ఈసారి మళ్లీ నైలానే. ఒక డీలరుకి అడ్వాన్సు ఇచ్చి, తయారీ తేదీ ఏడాది లోపు ఉంటేనే తీసుకుంటానని ముందే చెప్పి, ఆరు వారాలు ఆగాను. ఆయన మొదట అదే సైజులో ఎక్కువ ప్లై రేటింగ్ ఉన్నవి చూపించాడు. అవి బరువు మోయడానికి, ఖాళీ కారుకి వేస్తే నడుం విరుగుతుంది. వద్దన్నాను. విదేశాల నుంచి తెప్పిద్దామనుకుంటే 2020 జూన్ నుంచి కొత్త కారు టైర్ల దిగుమతిని కేంద్రం ఆంక్షల జాబితాలో పెట్టింది, లైసెన్సు లేకుండా కుదరదు. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉండి పాత కారు పెట్టుకున్నవాళ్లు అదృష్టవంతులు. అక్కడ కోకర్, లాంగ్‌స్టోన్, బ్లాక్లీ లాంటి సంస్థలు పాత సైజులకే ఉన్నాయి.

నైలాన్ టైర్లతో ఎలా ఉంటుందో ముందే తెలిస్తే భయపడరు. కారు వారం రోజులు కదలకుండా ఉంటే నేలకి ఆనిన చోట టైరు చదునవుతుంది. పొద్దున్నే తీస్తే మొదటి రెండు మూడు కిలోమీటర్లు దబ్ దబ్ దబ్ అని చప్పుడు, తర్వాత వేడెక్కి అదే సర్దుకుంటుంది. మొదటిసారి నేను బేరింగ్ పోయిందనుకుని మెకానిక్కి ఫోన్ చేశాను. హైవే మీద లారీలు తొక్కి చేసిన గాళ్లుంటే స్టీరింగ్ వాటి వెంటే లాగుతుంది, గట్టిగా పట్టుకుంటే ఇంకా ఎక్కువ. వదులుగా పట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. అరవై దగ్గర కారు హాయిగా ఉంటుంది, నేను అది దాటించను. మీరు పాత కార్లకి విడిగా ఇచ్చే వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకునేలా ఉంటే 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం రోజూ తిప్పకూడదు కూడా. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతుల వరకే. అంత వాడకానికి నైలాన్ ధారాళంగా సరిపోతుంది.

బిగించేటప్పుడు దగ్గరే నిలబడండి. ట్యూబు ఆ సైజుదే కావాలి. పెద్ద ట్యూబు కూరితే లోపల మడత పడి, ఆ మడత దగ్గరే కారుతుంది. ట్యూబుకి పౌడర్ పూయమనండి, రాపిడి తగ్గుతుంది. బిగించాక జాకీ మీద చక్రం తిప్పి, ఇటుక మీద సుద్దముక్క ఆనించి పూల దగ్గరికి మెల్లిగా జరపండి. గుండ్రంగా ఉంటే చుట్టూ గీత పడుతుంది, ఒకచోటే పడితే అక్కడ ఎత్తుంది. గాలి తీయించి టైరుని రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్లీ చూడండి. నా నాలుగింట్లో ఒకటి ఇలాగే దారికొచ్చింది. పంచర్ షాపు కుర్రాడు మొదట నవ్వాడు, తర్వాత సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. గాలి మాత్రం మాన్యువల్‌లో ఉన్నంతే. ఇప్పటి కార్ల లెక్కన 33 కొట్టేస్తారు, ముందే చెప్పండి.

డబ్బులిచ్చేముందు ఐదు టైర్ల అంకెలూ ఫోన్లో ఫోటో తీసుకోండి. నాకిచ్చిన వాటిలో నాలుగు ఒకే నెలవి, ఐదోది మూడేళ్ల పాతది. అడిగితే, "అది స్టెప్నీయే కదండీ" అన్నాడు. మార్పించుకునే వచ్చాను.