పదివేల ఎనభై కారణాంకాలున్న సంఖ్య

ప్రశ్న: శ్రీనివాస రామానుజన్ తయారుచేసిన 'అత్యంత సంయుక్త సంఖ్యల' పట్టిక 6746328388800తో ముగుస్తుందనీ, ఆ సంఖ్యకు పదివేలకు పైగా కారణాంకాలున్నాయనీ చదివాను. కంప్యూటర్ లేని రోజుల్లో అన్నింటిని ఎలా లెక్కపెట్టారు? ఆ సంఖ్యకున్న విశేషం ఏమిటి?

జవాబు: ఆ సంఖ్యకు సరిగ్గా 10080 కారణాంకాలున్నాయి, అయితే వాటిని ఒక్కొక్కటిగా ఏరి లెక్కపెట్టవలసిన అవసరం లేదు. సంఖ్యను ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడదీస్తే 2⁶ × 3⁴ × 5² × 7² × 11 × 13 × 17 × 19 × 23 వస్తుంది. ఏ కారణాంకాన్ని కూర్చాలన్నా ఇందులోంచి 2ను అసలు తీసుకోకపోవడం మొదలు ఆరుసార్లు తీసుకోవడం వరకు ఏడు విధాలున్నాయి. అదే విధంగా 3కు ఐదు, 5కూ 7కూ మూడేసి, మిగిలిన ఐదింటికీ రెండేసి. వీటన్నింటినీ గుణిస్తే 10080 వస్తుంది. (ఈ 10080 కూడా అత్యంత సంయుక్త సంఖ్యే కావడం చూడముచ్చటైన సంగతి.)

అసలు విశేషం కారణాంకాలు అన్ని ఉండడంలో లేదు. దీనికంటే చిన్న సంఖ్యల్లో దేనికీ అన్ని లేకపోవడంలో ఉంది. తనకంటే చిన్నవాటన్నింటినీ కారణాంకాల లెక్కలో మించిన సంఖ్యనే అత్యంత సంయుక్త సంఖ్య అంటారు. 12, 60, 5040 అలాంటివే. ఇటువంటి సంఖ్యలో ప్రధాన సంఖ్యలు 2 నుంచి వరుసగా, నడుమ ఏదీ తప్పిపోకుండా రావాలి, ఘాతాంకాలు ముందుకు పోయేకొద్దీ పెరగకూడదు. ఎందుకంటే పెద్ద ప్రధాన సంఖ్యకు పెద్ద ఘాతాంకం ఉంటే, ఆ రెండు ఘాతాంకాలనూ తారుమారు చేయగానే కారణాంకాల లెక్క మారకుండానే సంఖ్య చిన్నదైపోతుంది. చివరి ప్రధాన సంఖ్య ఘాతాంకం, 4, 36 అనే రెండు సంఖ్యల్లో తప్ప, ఎప్పుడూ 1 అనే లోతైన ఫలితాన్ని కూడా రామానుజన్ నిరూపించారు.

కావాలంటే మీరే పరీక్షించి చూడండి. ఒక 7ను తీసివేసి, దాని స్థానంలో 2 × 3ను చేరిస్తే సంఖ్య కొంత తగ్గుతుంది, కానీ కారణాంకాలు 9216కు పడిపోతాయి. 23ను తీసి 2 × 11ను పెడితే 8640 మాత్రమే మిగులుతాయి. 1 నుంచి 28 వరకు ఏ సంఖ్యతో భాగించినా శేషం రాదు. మొదటిసారి అడ్డుపడేది 29.

ఈ పరిశోధన 1915లో లండన్ మేథమేటికల్ సొసైటీ పత్రికలో వెలువడింది, దానికే మరుసటి ఏడాది కేంబ్రిడ్జ్ ఆయనకు బి.ఏ. పట్టా ఇచ్చింది. అంత జాగ్రత్తగా చేతితో కూర్చిన ఆ పట్టికలో తప్పిపోయిన సంఖ్య ఒకటుంది: 293318625600. మీరడిగిన సంఖ్యను 23తో భాగిస్తే వచ్చేది అదే, దాని కారణాంకాలు 5040.